ఖాళీ రింగు, ఆగిన క్యూ

ఒక యంత్రం నెట్‌వర్క్ మీద పలకడం లేదని తెలిసినప్పుడు ఎవరైనా మొదట చేసే పని, పక్క యంత్రం నుంచి దానికి ఒక పింగ్ (జవాబు కోరే చిన్న సమాచార ప్యాకెట్) పంపి చూడడం. ఈమధ్య నేను మూడు వారాల పాటు వెంటాడిన ఒక లోపం విషయంలో సరిగ్గా ఆ పింగే సాక్ష్యాన్ని తుడిచిపెడుతూ వచ్చింది. ప్యాకెట్లు పంపడం పూర్తిగా మానేసిన యంత్రం, అసలు బతికి ఉందో లేదో చూద్దామని నేను తలుపు తట్టగానే లేచి, ఏమీ జరగనట్టు పని మొదలుపెట్టేది.

అది 4 కోర్లున్న ఒక ఏఆర్ఎం బోర్డు. దాని మీద లినక్స్ నడుస్తోంది. చిప్‌లోని గిగాబిట్ ఈథర్‌నెట్ భాగానికి తయారీదారు ఇచ్చిన డ్రైవర్ (ఆ భాగాన్ని నడిపే కోడ్) వాడుతున్నాం. అది లినక్స్ మూల భాగమైన ప్రధాన కెర్నల్‌లోకి చేరిన డ్రైవర్ కాదు. పైన నడిచే అప్లికేషన్ చేసే పనల్లా కొలతల సమాచారాన్ని చిన్న చిన్న యూడీపీ (అందినట్టు రసీదు అడగని పద్ధతి) ప్యాకెట్లుగా, ఆపకుండా, ఒకే దిక్కున పంపుతూ ఉండడం. అవతలి నుంచి జవాబుగా వచ్చేది ఏమీ ఉండదు. ఈ చివరి వాక్యానికి ఎంత ప్రాముఖ్యం ఉందో అప్పట్లో నేను గ్రహించలేదు.

మొదట వచ్చిన ఫిర్యాదు చాలా అస్పష్టమైనది. రోజుకు ఒకటి రెండుసార్లు సమాచారంలో సెకను, రెండు సెకన్ల ఖాళీ కనిపిస్తోందని చెప్పారు. అప్లికేషన్ లాగ్ చూస్తే, ఆ సమయాల్లో పంపే కాల్ అంతసేపూ తిరిగి రాలేదని తెలిసింది కాబట్టి అందరి చూపూ అప్లికేషన్ రాసినవారి మీద పడింది. నిజానికి అక్కడ వారి తప్పేమీ లేదు. డ్రైవర్ తన క్యూను, అంటే పంపే వరుసను, ఆపితే ప్యాకెట్లు పైనున్న క్యూడిస్క్‌లో (డ్రైవర్‌కు ఇచ్చే ముందు కెర్నల్ వాటిని నిలిపి ఉంచే చోట) పోగవుతాయి, పోగైన ప్రతి ప్యాకెట్టూ దాన్ని పంపిన సాకెట్ (అప్లికేషన్ నెట్‌వర్క్‌లోకి పంపే ద్వారం) బఫర్ లెక్కలోనే ఉంటుంది, ఆ లెక్క నిండిన మీదట కెర్నల్ ఆ ప్రాసెస్‌ను నిద్రపుచ్చుతుంది. పై అంతస్తులో కనిపించే ఆలస్యానికి కారణం ఎప్పుడూ కింది అంతస్తులోనే ఉంటుందని నేను అనను గానీ, ఇక్కడ మాత్రం అక్కడే ఉంది.

నెట్‌వర్క్‌లోని మిగతా యంత్రాల గోల లేకుండా చూద్దామని బోర్డును మరో యంత్రానికి నేరుగా ఒక కేబుల్‌తో కలిపి వదిలేశాను. నాలుగైదు గంటల తర్వాత కెర్నల్ లాగ్‌లో నెట్‌వర్క్ డ్రైవర్లతో పనిచేసేవారందరికీ తెలిసిన ఆ వాక్యం కనిపించింది: ట్రాన్స్‌మిట్ క్యూ 0 గడువు దాటింది, ఫిర్యాదు చేస్తున్నది నెట్‌డెవ్ వాచ్‌డాగ్. దాని కింద ఒక పొడవైన స్టాక్ ట్రేస్, అంటే ఏ ఫంక్షన్ దేన్ని పిలుస్తూ అక్కడికి చేరిందో చూపే జాబితా, ఉంది. ఈ వాచ్‌డాగ్ అనేది కెర్నల్‌లో ఒక టైమర్. ఏదైనా క్యూ ఆగి ఉండి, దాని మీద చివరిసారి ప్యాకెట్ పంపి నిర్ణీత కాలం దాటితే అది మొరుగుతుంది. డ్రైవర్ వేరే విలువ ఇవ్వకపోతే ఆ కాలం 5 సెకన్లు. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు అన్న సామెతకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు, ఎందుకంటే ఒక గిగాబిట్ లింకుకు 5 సెకన్లంటే యుగాలు. పైగా ఆ స్టాక్ ట్రేస్ టైమర్ నడిచిన దారిదే తప్ప క్యూను ఆపి వెళ్లినవారిది కాదు. కొత్తగా వచ్చినవారు అందులోని ఫంక్షన్ పేర్లను ఒక్కొక్కటిగా చదువుతూ కూర్చోవడం నేను చూశాను. ఒకప్పుడు నేనూ అదే చేశాను.

ఇక్కడి నుంచి కథ అర్థం కావాలంటే పంపే రింగు గురించి కొంత చెప్పాలి. డ్రైవర్‌కూ పరికరానికీ మధ్య 256 డిస్క్రిప్టర్ల పట్టిక ఒకటి ఉంటుంది, అది చివరికి చేరాక మళ్లీ మొదటికి తిరుగుతుంది. ప్రతి డిస్క్రిప్టర్‌లో బఫర్ చిరునామా, దాని పొడవు, కొన్ని గుర్తులు ఉంటాయి. ఆ గుర్తుల్లో ముఖ్యమైనది ఓన్ బిట్. అది 1 అయితే డిస్క్రిప్టర్ పరికరం సొత్తు, 0 అయితే ప్రాసెసర్ సొత్తు. కెర్నల్ ఒక ప్యాకెట్‌ను అందించినప్పుడు డ్రైవర్ దాని బఫర్‌ను డీఎంఏకు (పరికరం నేరుగా మెమరీని చదవడానికి) మ్యాప్ చేసి, చిరునామా, పొడవు రాసి, అవి మెమరీకి చేరాయని ఒక బారియర్‌తో (మెమరీ పనుల వరుస తప్పకుండా చూసే ఆదేశంతో) ఖాయం చేసుకుని, అప్పుడు మాత్రమే ఓన్ బిట్ పెట్టి, పరికరానికి కబురు చేస్తుంది. పరికరం ప్యాకెట్‌ను తీగ మీదకు పంపి, ఓన్ బిట్ తీసేసి, అడిగి ఉంటే ఒక ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) ఇస్తుంది. ఆ ఇంటరప్ట్ వల్ల నడిచే నాపీ పోల్ అనే ఫంక్షన్ పూర్తయిన డిస్క్రిప్టర్లను ఊడ్చి, బఫర్లను విడుదల చేస్తుంది. పెట్టేవారి లెక్క హెడ్, ఊడ్చేవారి లెక్క టెయిల్. ఆ రెండింటి తేడాయే రింగులో మిగిలిన బరువు.

ఒక ప్యాకెట్‌కు ఒకే డిస్క్రిప్టర్ చాలకపోవచ్చు. 4 కిలోబైట్ల పేజీలున్న యంత్రంలో ఒక ప్యాకెట్ సాధారణంగా 17 ముక్కల దాకా ఉండవచ్చు, మొదటి భాగంతో కలిపి 18. అందువల్ల ఖాళీలు 18 కన్నా తగ్గగానే డ్రైవర్ ముందుగానే క్యూను ఆపుతుంది, ఊడ్చే ఫంక్షన్ చోటు చేశాక మళ్లీ దాన్ని లేపుతుంది. ఆపడం ఒకరి పని, లేపడం మరొకరి పని అన్నమాట. ఇద్దరూ వేర్వేరు కోర్ల మీద ఒకేసారి నడవవచ్చు.

వాచ్‌డాగ్ మొరిగినప్పుడు తయారీదారు డ్రైవర్ చేసే పని పరికరాన్ని మొత్తంగా రీసెట్ చేయడం. వినియోగదారుడికి అది మంచిదే, వెతికేవాడికి మాత్రం అది నేరం జరిగిన గదిని కడిగేయడంతో సమానం. కాబట్టి నేను మొదట చేయవలసింది ఆ రీసెట్‌ను తీసేసి, దాని స్థానంలో హెడ్, టెయిల్, 256 డిస్క్రిప్టర్ల గుర్తులు, పరికరం రిజిస్టర్లు, క్యూ స్థితి బిట్లు లాగ్‌లోకి రాయించడం. చేయవలసింది అని ఎందుకు అంటున్నానంటే, నేను మొదట చేసింది అది కాదు. కోడ్ చదువుతూ కూర్చున్నాను.

కోడ్ చదివితే తప్పు దొరికింది కూడా, అదే చిక్కు. ఒక ప్యాకెట్ అనేక ముక్కలుగా ఉన్నప్పుడు డ్రైవర్ మొదటి డిస్క్రిప్టర్‌కు ఓన్ బిట్ ముందే పెట్టి, ఆ తర్వాత రెండోది, మూడోది నింపుకుంటూ పోతోంది. పరికరం ఆ క్షణంలో రింగును చదువుతూ ఉంటే మొదటి ముక్క పంపి, రెండోది ఇంకా సిద్ధం కానందున సగంలో నిలిచిపోతుంది, లేదా పాత చిరునామాను పట్టుకుపోతుంది. మిగతావన్నీ నింపి, చివరగా మొదటి డిస్క్రిప్టర్‌కు ఓన్ బిట్ పెట్టాలన్నది ఈ తరహా పరికరాలన్నిటికీ వర్తించే నియమం. దాన్ని సరిచేసి, బోర్డును మళ్లీ నడిపి, 6 గంటలు ఏమీ జరగకపోయేసరికి పని ముగిసిందని ప్రకటించాను. మర్నాడు ఉదయానికి అదే వాక్యం మళ్లీ లాగ్‌లో ఉంది. దిద్దుబాటు సరైనదే, రోగం మాత్రం వేరు. మా అప్లికేషన్ పంపే చిన్న యూడీపీ ప్యాకెట్ ఒక్కొక్కటీ ఒకే డిస్క్రిప్టర్‌లో ఇమిడిపోతుంది, అంటే నేను దిద్దిన ఆ దారిలో మా ప్యాకెట్లు అసలు నడవనే లేదు. ఈ సంగతి తెలుసుకోవడానికి ఒక కౌంటర్ పెడితే చాలేది. తప్పు కనిపించిందన్న సంతోషంలో అది వెతుకుతున్న తప్పేనా అని అడగడం మరిచిపోయాను.

ఆ తర్వాత బుద్ధిగా రీసెట్ తీసేసి, స్థితిని రాయించాను. సాయంత్రానికి క్యూ ఆగింది, లాగ్ నిండింది. వెళ్లి చదవక ముందే, అలవాటు కొద్దీ అవతలి యంత్రం నుంచి పింగ్ చేశాను. జవాబు వచ్చింది. ప్యాకెట్ల ప్రవాహం మళ్లీ మొదలైంది. రీసెట్ లేదు, నేను బోర్డును ముట్టుకోలేదు. ఇంకోసారి ఆగేదాకా వేచి ఉండి, ఈసారి నెట్‌వర్క్‌తో పనిలేని సీరియల్ కన్సోల్ నుంచి మాత్రమే చూస్తూ అరగంట వదిలేశాను. అరగంటా అది చచ్చినట్టే పడి ఉంది. క్యూడిస్క్ లెక్కల్లో ఎదురుచూస్తున్న ప్యాకెట్ల సంఖ్య కదలలేదు, ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్ అనే సాధనంలో బయటకు పోయేది ఒక్కటీ కనిపించలేదు. టీసీపీడంప్ బయటకు పోయే ప్యాకెట్లను క్యూడిస్క్ దాటాక, డ్రైవర్ చేతికి ఇచ్చే ముందు పట్టుకుంటుంది కాబట్టి, డ్రైవర్ దాకా ఏదీ రావడం లేదని దాని అర్థం. తర్వాత ఒకే ఒక్క పింగ్ పంపాను. లేచింది.

పెద్ద నెట్‌వర్క్‌లో ఆ ఖాళీలు సెకను, రెండు సెకన్లే ఎందుకుండేవో ఇప్పుడు తెలిసింది. అక్కడ ఎవరో ఒకరు ఏఆర్పీ బ్రాడ్‌కాస్ట్‌లు (ఫలానా చిరునామా ఎవరిదని అందరినీ అడిగే ప్యాకెట్లు) పంపుతూనే ఉంటారు. వాటిలో ఏదో ఒకటి వచ్చి మా బోర్డును లేపేది, వాచ్‌డాగ్‌కు 5 సెకన్లు నిండేవి కావు. టీసీపీతో గంటల తరబడి చేసిన పరీక్షలు ఎందుకు నెగ్గాయో కూడా తెలిసింది, ఎందుకంటే అందులో అవతలి నుంచి ఏసీకేలు, అంటే అందినట్టు రసీదులు, నిరంతరం వస్తూ ఉంటాయి. వచ్చే ప్యాకెట్లకు, పంపే బఫర్లకు సంబంధం ఎక్కడుంది? నాపీ పోల్‌లో ఉంది. వచ్చిన ప్యాకెట్ ఇచ్చే ఇంటరప్ట్ కూడా అదే పోల్‌ను నడుపుతుంది, ఆ పోల్ ముందుగా పంపే రింగును ఊడ్చి ఆ తర్వాత వచ్చినవాటిని తీస్తుంది.

లాగ్‌లో రాయించిన స్థితి ఇలా ఉంది. హెడ్‌కూ టెయిల్‌కూ తేడా 23. ఆ 23 డిస్క్రిప్టర్లలోనూ ఓన్ బిట్ 0, అంటే పరికరం తన పని మొత్తం పూర్తి చేసి ఖాళీగా కూర్చుంది. రింగులో 233 ఖాళీలున్నాయి. అయినా క్యూ ఆగి ఉంది, ఆపినది డ్రైవరే అని స్థితి బిట్ చెబుతోంది. నిండినందువల్ల ఆగిన క్యూ ఇది కాదు. నిండినప్పుడు ఆగి, ఖాళీ అయ్యాక లేపేవారు లేక మిగిలిపోయిన క్యూ.

ఆ 23 అంకె నన్ను కొంతసేపు వేధించింది. తర్వాతి ఆగుడులో అది 9, ఆ పైదానిలో 30. ఎప్పుడూ 32 దాటలేదు. అప్పుడు కోడ్‌లో నేను పట్టించుకోకుండా దాటిపోయిన ఒక పొదుపు గుర్తుకొచ్చింది. ప్రతి ప్యాకెట్‌కూ ఇంటరప్ట్ తీసుకుంటే ప్రాసెసర్ నలిగిపోతుందని, ప్రతి 32వ డిస్క్రిప్టర్‌కు మాత్రమే పూర్తయ్యాక ఇంటరప్ట్ ఇవ్వమని ఈ డ్రైవర్ అడుగుతుంది. ఆలోచన మంచిదే, చాలా డ్రైవర్లు ఇలాంటిది చేస్తాయి. అయితే ఆ చేసేవి, చివరలో ఇంటరప్ట్ అడగకుండా మిగిలిపోయే ప్యాకెట్ల కోసం ఒక టైమర్‌ను కూడా పెట్టుకుంటాయి. ఇందులో ఆ టైమర్ లేదు.

ఇక జరిగినది ఊహించడం కష్టం కాదు. ఒక కోర్ మీద పంపే ఫంక్షన్ ప్యాకెట్‌ను రింగులో పెట్టి, టెయిల్ చదివి, ఖాళీలు 18 కన్నా తక్కువున్నాయని తేల్చుకుంది. సరిగ్గా ఆ సమయంలో ఇంకో కోర్ మీద పోల్ రెండు వందలకు పైగా డిస్క్రిప్టర్లను ఊడ్చే పని ముగించి, కొత్త టెయిల్ రాసి, క్యూ ఆగి ఉందా అని చూసింది. ఇంకా ఆగలేదు కాబట్టి లేపవలసిన అవసరం లేదనుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత మొదటి కోర్, తన పాత లెక్కను నమ్మి, క్యూను ఆపింది. రింగులో మిగిలిన కొద్ది ప్యాకెట్లలో ఇంటరప్ట్ అడిగినది ఒక్కటీ లేదు. పరికరం వాటిని పంపేసి మౌనంగా ఉంది, పోల్ పిలుపు కోసం చూస్తోంది, పంపే ఫంక్షన్ క్యూ లేచేదాకా రాదు. ముగ్గురిలో ఎవరూ నియమం తప్పలేదు, ముగ్గురూ ఎదుటివారి కోసం ఎదురుచూస్తున్నారు.

ఊహ నిజమా కాదా తేల్చడానికి మూడు పరీక్షలు చేశాను. నెట్‌వర్క్ పరికరాల అమరికలు మార్చే ఈథ్‌టూల్‌తో రింగును 256 నుంచి 64కు తగ్గిస్తే క్యూ తరచుగా ఆగి లేస్తుంది కాబట్టి ప్రమాదం పెరగాలి. గంటలు పట్టేది పది, పదిహేను నిమిషాలకు వచ్చింది. అప్లికేషన్‌నూ ఇంటరప్ట్‌నూ ఒకే కోర్‌కు కట్టేస్తే లోపం మాయం కావాలి, ఎందుకంటే పంపే ఫంక్షన్ నడిచేటప్పుడు ఆ కోర్ మీద సాఫ్ట్ ఇంటరప్ట్‌లు నిలిపి ఉంటాయి, పోల్ మధ్యలో దూరలేదు. రెండు రోజులు ఒక్కసారీ ఆగలేదు. చివరగా, ఖాళీలు లెక్కించిన చోటుకూ క్యూను ఆపే చోటుకూ మధ్య 20 మైక్రోసెకన్ల ఆలస్యాన్ని కావాలని చొప్పించాను. ఈసారి కొన్ని సెకన్లలోనే ఆగిపోయింది. ఒక రేస్‌ను, అంటే ఇద్దరిలో ఎవరు ముందన్న దాన్నిబట్టి ఫలితం మారే లోపాన్ని, అనుమానించినప్పుడు దాని కిటికీని వెడల్పు చేసి చూడడంకన్నా నమ్మదగిన పరీక్ష నాకు తెలియదు. కోడ్‌ను పదిసార్లు చదివి తల ఊపడం దానికి సాటి రాదు.

దిద్దుబాటు పాతదే, ఎన్నో డ్రైవర్లలో ఉన్నదే. పంపే ఫంక్షన్ క్యూను ఆపిన తర్వాత ఖాళీలను మరోసారి లెక్కించాలి, ఈలోగా చోటు దొరికి ఉంటే తానే క్యూను తిరిగి తెరవాలి. నేను ఆ రెండు వరుసలు చేర్చి నడిపాను. ఆలస్యం చొప్పించి ఉన్నా ఆగలేదు. ఆలస్యం తీసేసి, నాలుగు బోర్డుల మీద వదిలితే, వాటిలో ఒకటి 40 గంటల దగ్గర ఆగింది.

ఈసారి తప్పు నాదే. మెమరీ బారియర్ పెట్టలేదు. పంపే కోర్ ఆగింది అని రాసి, తర్వాత టెయిల్ చదువుతుంది. ఊడ్చే కోర్ టెయిల్ రాసి, తర్వాత ఆగిందా అని చదువుతుంది. ఇద్దరూ ముందు రాసి, ఆ తర్వాత ఎదుటివారిది చదువుతారు. ప్రాసెసర్ మాత్రం రాసినదాన్ని మెమరీకి పంపకుండా తన స్టోర్ బఫర్‌లోనే కాసేపు ఉంచుకుని, చదవడం ముందుగా కానిచ్చేయవచ్చు. అప్పుడు ఇద్దరికీ పాత విలువలే కనిపిస్తాయి, మళ్లీ చూసినా చూడనట్టే అవుతుంది. ఇది ఏఆర్ఎం ప్రాసెసర్లకు మాత్రమే ఉన్న బెడద అని కొందరు అనుకుంటారు. రాయడం తర్వాత చదవడం అన్న ఈ ఒక్క వరుసను మామూలు పీసీల్లో ఉండే ఎక్స్86 ప్రాసెసర్ కూడా కాపాడదు కాబట్టి, అక్కడ కూడా రెండు వైపులా పూర్తి బారియర్ ఉండాలి. ఒక వైపు పెట్టి ఊరుకుంటే సరిపోదు. లినక్స్‌లోని టీజీ3 అనే నెట్‌వర్క్ డ్రైవర్‌లో ఈ క్రమం ఎందుకు అవసరమో చెప్పే వ్యాఖ్య ఒకటి ఏళ్లుగా ఉంది. చాలా డ్రైవర్లు అదే కోడ్‌ను తలా ఒక రకంగా నకలు చేసుకుంటున్నాయని, 2023లో వచ్చిన కెర్నల్ 6.4లో ఈ మొత్తం తంతును అందరూ వాడుకునే ఉమ్మడి మ్యాక్రోలుగా (సిద్ధంగా ఉన్న కోడ్ ముక్కలుగా) చేర్చారు. మా బోర్డు కెర్నల్ అంతకన్నా పాతది కాబట్టి చేత్తోనే రాసుకున్నాను.

ఇంటరప్ట్ పొదుపు సంగతి కూడా వదల్లేదు. రింగు నింపే ప్యాకెట్ ఏదైనా సరే, అది 32వది కాకపోయినా, ఇంటరప్ట్ అడగాలని మార్చాను, మిగిలినవాటిని ఊడ్చడానికి 1 మిల్లీసెకన్ టైమర్ ఒకటి పెట్టాను. ఈ టైమర్ లేకపోతే క్యూ ఆగకపోయినా, పంపేసిన బఫర్లు సాకెట్ లెక్కలో అలాగే వేలాడుతుంటాయి.

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. డ్రైవర్ ఎలాగూ చేతిలో ఉంది కదా అని, 2012లో వచ్చిన కెర్నల్ 3.3 నుంచి ఉన్న బైట్ క్యూ లిమిట్స్ సౌకర్యాన్ని (డ్రైవర్ క్యూలో ఒకేసారి ఉండే బైట్లకు హద్దు పెట్టేదాన్ని) కూడా కలిపాను. పంపినప్పుడు ఎన్ని బైట్లు పెట్టామో, ఊడ్చినప్పుడు ఎన్ని తీశామో కెర్నల్‌కు చెప్పడమే అందులో డ్రైవర్ చేయవలసింది. మూడో రోజున కేబుల్ ఊడదీసి మళ్లీ పెడితే క్యూ ఆగిపోయింది, ఈసారి పింగ్ చేసినా లేవలేదు. స్థితి బిట్లు చూస్తే ఆపినది డ్రైవర్ కాదు, పైనున్న స్టాక్, అంటే కెర్నల్ నెట్‌వర్క్ కోడ్. కెర్నల్ తన లోపలి లెక్కలను ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ క్యూకు ఇంకా దారిలో ఉన్నాయని చెబుతున్న బైట్లు 4542, అంటే 1514 బైట్ల ఫ్రేములు మూడు. అవి ఫైల్ బదిలీ పరీక్షలో పంపినవి. రింగు చూస్తే పూర్తిగా ఖాళీ. లింకు పోయినప్పుడు రింగును దులిపేసే కోడ్ ఆ మూడింటినీ పారేసింది గానీ, పారేశానని ఎవరికీ చెప్పలేదు. ఆ లెక్కను సున్నా చేసే కాల్ ఒకటి ఉంది, దాన్ని దులిపే చోట పెట్టాలి. క్యూను లేపే కాల్ ఎన్నిసార్లు చేసినా ఇక్కడ ప్రయోజనం లేదు, ఎందుకంటే అది డ్రైవర్ పెట్టిన బిట్‌ను మాత్రమే తీస్తుంది, స్టాక్ పెట్టినదాన్ని ముట్టుకోదు. కారణం కనిపెట్టడానికి ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. మొదటి లోపానికి స్థితిని రాయించే కోడ్ రాసి ఉండడమే అందుకు కారణం.

చివరి పరీక్షకు రింగును 64 దగ్గరే ఉంచి, అప్లికేషన్‌నూ ఇంటరప్ట్‌నూ వేర్వేరు కోర్లకు కట్టి, నాలుగు బోర్డులనూ నేరు కేబుళ్లతో 9 రోజులు నడిపాను. వాచ్‌డాగ్ ఒక్కసారీ మొరగలేదు. ఆ 9 రోజులూ అవతలి యంత్రాలలో ఏఆర్పీని చేత్తో స్థిరంగా రాసి, వచ్చే ప్యాకెట్ల కౌంటర్ కదలకుండా చూసుకున్నాను, ఒక్క పింగ్ కూడా పంపలేదు.